మంచుబండి లాగిన భీమ్

హెలికాప్టర్ మమ్మల్ని దించి వెంటనే లేచిపోయింది. లడఖ్‌లో ఒక హిమానీనదం మీద మా పోస్టు. ఎటు చూసినా మంచు, ఆగని గాలి. గుడిసె బయట మొదట ఎదురొచ్చినవి కుక్కలే.

వాటిని చూసుకునే జవానుది కల్వకుర్తి. నాది రామన్నపేట అనగానే చేతి తొడుగు తీసి మరీ చేయి కలిపాడు.

"గీ చలిల మనదిక్కోడు దొరికిండు. ఇగ ఫికర్ లేదన్నా!"

బండి లాగేవాటిలో ఎక్కువ సైబీరియన్ హస్కీలు. సన్నటి నడుము, నిటారు చెవులు, కొన్నింటికి నీలికళ్లు. బండికి కట్టే పట్టీలు చేతిలోకి తీసుకుంటే చాలు, పరుగు కోసం ఎగిరేవి. మొరగడం తక్కువ, ముట్టె పైకెత్తి ఊళపెట్టేవి. కాపలాకు పనికిరావు. కొత్తవాడెవడొచ్చినా తోక ఊపేవి.

భీమ్ ఒక్కటే అలస్కన్ మలమ్యూట్. హస్కీలకు దాదాపు రెట్టింపు. వెడల్పాటి ఛాతీ, వీపుమీదికి చుట్టుకున్న గుబురు తోక, గోధుమరంగు కళ్లు. తిండి దగ్గరికి ఇంకో కుక్కను రానిచ్చేది కాదు.

"హస్కీలు ఉరుకుతయన్నా. గీడు గుంజుతడు. తొందరవెడితే మాత్రం ఆడనే కూసుంటడు" అన్నాడు కల్వకుర్తివాడు.

కింది క్యాంపు నుంచి కిరోసిన్, రేషన్ మంచుబండి మీదే వచ్చేవి. ముందు హస్కీలు, బండికి దగ్గరగా భీమ్, వెనుక బ్రేకు మీద నేను.

ఫిబ్రవరిలో మా రేడియో ఆపరేటర్‌కు ఎత్తు పడక ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పెదాలు నీలంగా మారాయి. మబ్బు కమ్మి హెలికాప్టర్ రాలేకపోయింది. రేడియో సెట్లో కింది క్యాంపు డాక్టర్ ఒక్కటే చెప్పాడు: "ఆగొద్దు. కిందికి దించండి."

తెల్లవారగానే అతణ్ని స్లీపింగ్ బ్యాగులో చుట్టి, ఆక్సిజన్ పెట్టి, బండికి కట్టి కల్వకుర్తివాడూ నేనూ బయల్దేరాం. సగం దారిలో హస్కీలు దాటిన మంచు భీమ్ బరువుకు విరిగింది. భీమ్ ఆ మంచు కింద దాగిన లోతైన చీలికలోకి జారి పట్టీలకు వేలాడింది. ఆ బరువుకు బండి కూడా చీలికవైపు కదిలింది. నేను బండి తాడు చుట్టిన మంచుగొడ్డలిని మంచులో దిగ్గొట్టి దానిమీద పడుకున్నాను. అదీ జారుతోంది.

"ఇద్దరం గుంజుదాం, పట్టు!" అని అరిచాను.

"అయితలేదన్నా. బండివోతది. మనిషివోతడు."

అంచున మోకాళ్లమీద కూర్చున్నాడు. "భీమ్... బిడ్డా" అన్నాడు. కత్తి తీసి పట్టీ కోశాడు.

హస్కీలు అక్కడి నుంచి కదలకుండా మొరాయించాయి. ముందున్న కుక్క మెడపట్టీ పట్టుకుని అతనే ముందు నడిచాడు. చీలిక చుట్టూ తిరిగి మధ్యాహ్నానికి క్యాంపు చేరాం. ఆపరేటర్ బతికాడు.

పదవీ విరమణ తర్వాత రామన్నపేట వచ్చేశాను. శత్రువును చూశావా అని అడుగుతారు. చలి గురించి చెబుతాను.

నాకు మాత్రం ఆ చీలికే కనిపిస్తుంది. రెండు వైపులా నీలిమంచు. మధ్యలో వేలాడుతున్న భీమ్, కల్వకుర్తివాడు పిలిచాడు కదా అని, చెవులు నిలబెట్టి అతనివైపే చూస్తోంది.