వియత్నాం ఇంటి పెరట్లో కొబ్బరిచెట్టు

మా ఆయన బళ్ళో మాస్టారుగా రిటైరైన దగ్గర్నుంచీ ఒకటే పాట. వచ్చే పెన్షన్‌తో వియత్నాంలో మహారాజుల్లా బతకొచ్చట! ఈ రోజు పొద్దున్న, అక్కడ స్థిరపడిన ఆయన పాత శిష్యుడు వీడియో కాల్‌లో మాకోసం ఒక అద్దె ఇల్లు చూపించాడు. హాలు బాగుంది, వంటిల్లు బాగుంది. పెరట్లోకి వెళ్ళేసరికి కొబ్బరిచెట్టు కనిపించింది. మా చెట్ల కాయలు దింపుతున్న సత్తిబాబు మంచినీళ్ళకని వచ్చి, మా వెనక నుంచి ఫోన్‌లోకి తొంగిచూశాడు.

“ఆగండాగండి! ఆ చెట్టుకి దింపు తీసి ఆర్నెల్లయినట్టుందండి. దాని కింద కుర్చీ వేసేరేంటండీ బాబూ, ఎవరి నెత్తి పగలడానికి?”

శిష్యుడు ఆ మాట పక్కనే ఉన్న ఇంటావిడకి ఆవిడ భాషలో చెప్పాడు. ఆవిడ గబగబా కుర్చీ లాగేసి, ఏదో అడిగింది.

“ఎప్పుడొస్తారని అడుగుతున్నారు మాస్టారూ.”

“వచ్చే నెల్లో మేమిద్దరం...”

“మీరు కాదండీ. ఆ చెట్టెక్కే ఆయన.”

ఆ తర్వాత అరగంట ఫోన్ సత్తిబాబు చేతిలోనే ఉంది. సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని మళ్ళీ వచ్చాడు, పాస్‌పోర్టు ఫారం నింపించుకోవడానికి.

“నిజంగానే వెళ్తావురా?” అన్నారు మా ఆయన నీరసంగా.

“ఆయ్! ముందు నేనెళ్ళి చూసొస్తానండి, తర్వాత మీరెళ్దురుగాని.”

మా పెరట్లో ఇంకా నాలుగు చెట్లు మిగిలిపోయాయి. కొత్తపేట చుట్టుపక్కల దింపు తీసేవాళ్ళుంటే కాస్త చెప్పండి. పాస్‌పోర్టు లేనివాళ్ళయితే మరీ మంచిది.