డైసీ మేడం చూడనన్న బండి

తొలకరి జల్లు పడ్డాక స్మృతి నగర్‌లో మా ఇంటి గేటు గడియ తీస్తే అరచేతికి ఎర్రటి పొడి అంటుకుంటుంది. ఈ పొద్దున పాల ప్యాకెట్ల కోసం వెళ్ళి, గడియ తీసి, ఆ చేతిని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మా ఆయన చూసి, "ఇదేం అలవాటు, చిన్నపిల్లలా?" అని నవ్వారు. నవ్వితే నవ్వారు. లోకంలో చాలామందికి మల్లెపూల వాసనకో, కాచిన నెయ్యి వాసనకో అయినవాళ్ళు గుర్తొస్తారు. నాకు తడి తుప్పు వాసనకు డైసీ మేడం గుర్తొస్తారు. ఈ మాట ఆవిడ చెవిన పడితే, "మంచి వాసనేదీ దొరకలేదేటే నీకు?" అని నెత్తిన ఒక్కటి మొట్టేవారు.

మీరెవరూ ఆవిడని చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను. తొంభైల మొదట్లో నేను డిప్లొమా పూర్తి చేసి భిలాయి ఉక్కు ప్లాంటులో చేరినప్పుడు నన్ను వేసిన సెక్షనుకు ఆవిడే ఇన్‌చార్జి. క్రేన్లు నడిచే దూలాలు, షెడ్ల స్తంభాలు, ఎత్తున ఉండే నడకదారులు, ఇలాంటివాటిని తుప్పు ఎంతవరకు తినేసిందో చూసి చెప్పడం మా పని. ఆవిడ పూర్తి పేరు డైసీ రాజ్యలక్ష్మి. తండ్రి విజయనగరం హిందువు, రైల్వే గార్డు. తల్లి క్రైస్తవురాలు. మేడం ఆదివారం చర్చికి, శనివారం హనుమంతుడి గుడికి వెళ్ళేవారు. ఎవరైనా అడిగితే, "ఇద్దరికీ మొహం చూపించీసి ఉంచుకుంటే మంచిదే కదేటి" అనేవారు. ఆరడుగుల మనిషి. గంజిపెట్టిన నూలుచీర కింద ఇనుప ముక్కు బూట్లు. గొంతు విప్పితే రోలింగ్ మిల్లు చప్పుడు కూడా కాస్త తగ్గినట్టుండేది. అంత పెద్ద క్వార్టర్‌లో ఒక్కరే ఉండేవారు. ఎందుకో అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

చేరిన కొత్తలో ఒక నడకదారి చూడ్డానికి అందరం పైకెక్కాం. నాకంటే పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు పెద్దవాళ్ళు చుట్టూ నిలబడి ఉన్నారు. మేడం నన్ను చూసి, "మణీ, ముందు నువ్వు చెప్పు" అన్నారు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

"మీరు చెప్పండి మేడం, నేను నేర్చుకుంటాను."

"నేను చెప్పీశాక నువ్వు చెప్పడానికేటుంటాది? నా మాటే నీ నోట్లోంచి తిరిగొస్తాది. అదెందుకు నాకు?"

అది ఆవిడ పద్ధతి. అందరికంటే చిన్నవాళ్ళు మొదట నోరు విప్పాలి, ఆవిడ ఆఖరున మాట్లాడతారు. ఏం చెప్పినా మూడు ప్రశ్నలు వేసేవారు. ఎక్కడ? ఎంత? నీకెలా తెలిసింది? ఇంకో పట్టింపు కూడా ఉండేది. ఏ రేకు బాగుందని తేలితే ఎవరికి లాభమో, ఆ మనిషిని ఆ రేకు చూడనిచ్చేవారు కాదు. ఈ పట్టింపుల వల్ల ఆవిడంటే ఒళ్ళుమండేవాళ్ళు కూడా ఉండేవారు. ఆవిడకదేం పట్టేది కాదు.

తుప్పును చూడటం నాకు నేర్పింది ఆవిడే. సుత్తి తీసుకుని ఇనుము మీద మెల్లగా కొడుతూ, చెవి దగ్గరగా పెట్టి వినమనేవారు. ఖంగుమంటే ఇంకా దమ్ముంది, డబ్‌మంటే లోపల ఖాళీ. "ఎర్రగా కనబడీదానికి గాభరా పడకు. అదెలాగూ అందరికీ కనబడతాది. గీకి చూడు, కింద తెల్లగా ఇనుము తగిలిందా, బతికీసినట్టే. రంగు కింద పొక్కులా లేచింది సూశావా, అక్కడ భయపడు. అది లోపల్నించి తింటాది." తాతలనాటి సంగతులు చెప్పినట్టు తుప్పు గురించి చెప్పేవారు. నాకు అన్నం సయించకపోయినా ఆ మాటలు మాత్రం సయించేవి.

ఇక బండి సంగతి. మేడం రిటైరవడానికి కొద్దికాలం ముందు, భిలాయి పక్కనున్న ఉతైలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళి, అక్కడి బియ్యం మిల్లు గోడౌనులో ఒక కారు చూసి వచ్చారు. పైకప్పు లేని రెండు సీట్ల విదేశీ కారు. మిల్లు సేఠ్‌జీ అన్నగారు ఎప్పుడో కుర్రతనంలో కలకత్తాలో సరదాపడి కొన్నదట. ఆయన పోయాక బస్తాల మధ్య ఏళ్ళ తరబడి పడి ఉంది. ఇప్పుడు సేఠ్‌జీ దానికి రంగు వేయించి అమ్మకానికి పెట్టారు. చిన్నప్పుడు వాల్తేరులో రైల్వే పెద్ద ఆఫీసరు ఒకాయన అలాంటి బండిలో సముద్రం పక్కనే దూసుకుపోతుంటే మేడం నోరు తెరుచుకుని చూసేవారట. "అప్పట్నుంచీ ఈ కడుపులో ఉందే మణీ ఆ బండి" అన్నారు నాతో. నెల రోజులు సెక్షనులో ఇంకో మాట లేదు. క్వార్టర్ ముందున్న గులాబీ కుండీలన్నీ పక్కింటివాళ్ళకు ఇచ్చేసి, ఆ చోట రేకుల షెడ్డు కూడా వేయించేశారు. అంత సంబరం ఆవిడలో నేనెప్పుడూ చూడలేదు. చూస్తుంటే నాకే ముచ్చటేసేది.

ఒక ఆదివారం చర్చి అయ్యాక నా మోపెడ్ మీద ఇద్దరం ఉతై వెళ్ళాం. ఆవిడ వెనక కూర్చుంటే మోపెడ్ ముందుచక్రం గాల్లోకి లేస్తుందేమోనని దారిపొడుగునా హడలిపోయాను. గోడౌను ముందు సేఠ్‌జీ నమస్కారం పెట్టి, "ఆయియే మేడంజీ, గాడీ ఏక్‌దమ్ చకాచక్ హై" అని, బండి భేషుగ్గా ఉందంటూ తలుపులు తెరిచారు. లోపల ఎర్రగా, పెళ్ళికూతురులా మెరిసిపోతూ బండి. మేడం గుమ్మంలోనే ఆగిపోయారు. సంచిలోంచి సుత్తి, అయస్కాంతం, స్క్రూడ్రైవర్, టార్చి తీసి నా చేతిలో పెట్టారు.

"నేను చూడను. నువ్వు చూసి చెప్పీయ్."

"మీ బండి మేడం! నేను చూడటమేమిటి?"

"అందుకేనే. నాకు మనసు పడిపోయింది. నా కంటికిప్పుడు అది బాగానే కనబడతాది."

అని, వెనక్కి తిరిగి, బయట బస్తా మీద కూర్చుని వేరుసెనక్కాయలు ఒలుచుకోవడం మొదలుపెట్టారు.

నేను మొదలుపెట్టాను. బానెట్ కింద బాగానే ఉంది. డిక్కీ మూత లోపల ఎర్రటి తుప్పు ఉంది కానీ, గీకితే కింద తెల్లటి ఇనుము తగిలింది. అబ్బ, ఫరవాలేదు అనుకున్నాను. ఇంట్లో మా అమ్మ పూజకు దీపం పెట్టినంత శ్రద్ధగా చూస్తున్నాను, బండి బాగుందని చెప్పే భాగ్యం నాకే దక్కాలని. తర్వాత తలుపుల దగ్గరికి వచ్చాను. రంగు గీరుకుపోకుండా అయస్కాంతానికి గుడ్డ చుట్టి తలుపు అడుగున ఆనిస్తే, అది పట్టుకోలేదు. జారిపోయింది. అక్కడ ఇనుము లేదు, పుట్టీ పూసి రంగు వేశారు. సరే, తలుపు మార్చుకోవచ్చు. కానీ పైకప్పు లేని ఆ బండికి బలమంతా తలుపుల కింద పొడవునా పోయే రెండు రేకు పెట్టెల్లో ఉంటుంది. అవి పోతే నడుం పోయినట్టే. సుత్తితో తట్టాను. డబ్, డబ్. కింద పడుకుని టార్చి వేస్తే కొత్తగా పూసిన తారు. స్క్రూడ్రైవర్‌తో నొక్కాను. గట్టిగా కూడా కాదు. పిడి దాకా దిగిపోయింది. రెండో వైపూ అంతే. ఆఖరికి తలుపు తెరిచి, గోడౌనులో ఉన్న జాకీ పక్కనుంచి పెట్టి లేపితే, ఆ తలుపు మళ్ళీ మూసుకోలేదు. బండి మధ్యలో వంగిపోతోంది.

జాకీ దించి, అక్కడే నేల మీద కూలబడ్డాను. బయటినుంచి కాయలు ఒలుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. మేడం గుండె మీద దెబ్బ నా చేత్తో కొట్టాలా అని ఏడుపొచ్చింది. లేచి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"వద్దు మేడం."

ఆవిడ తలెత్తలేదు. "ఎక్కడ?"

"తలుపుల కింద. రెండు వైపులా."

"ఎంత?"

"మొత్తం."

"నీకెలా తెలిసింది?"

చెప్పాను. స్క్రూడ్రైవర్‌కు అంటిన ఎర్రటి పొడి చూపించాను. "వెల్డింగు చేయిస్తే?" అన్నారు ఆవిడ, చిన్నపిల్లలా. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"అతుకు వేయడానికి పక్కన మంచి రేకు ఉండాలి కదా మేడం. లేదు. లారీ వెనకనుంచి తగిలితే రెండు ముక్కలవుతుంది. మీరుంటారు అందులో."

మేడం లేచి లోపలికి వెళ్ళారు. బండి చుట్టూ ఒకసారి తిరిగారు, స్టీరింగు మీద చెయ్యి వేశారు, సేఠ్‌జీకి నమస్కారం పెట్టి బయటికి వచ్చేశారు. ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట లేదు. మర్నాడూ లేదు. ఆ వారమంతా, "ఆ రిపోర్టు ఇలా ఇయ్యి", "సరే" తప్ప నాతో ఇంకేం మాట్లాడలేదు. ఎవరి బండి ఎవరికి కావాలి, నీకెందుకే ఈ గొడవంతా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఇంత మనిషి ఇంత చిన్న మాటకు అలుగుతారా అని ఆవిడ మీద కోపం కూడా వచ్చింది.

మళ్ళీ ఆదివారం మా ఇంటికి వచ్చారు, పొద్దున్నే. మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, "రా, బయట కూచుందాం" అని నన్ను మెట్ల మీదకు తీసుకెళ్ళారు.

"కోపమొచ్చిందేటి నామీద?"

"మీకొచ్చిందనుకున్నాను మేడం."

"వచ్చింది. మూడ్రోజులొచ్చింది. తర్వాత సిగ్గొచ్చింది, అందుకే మాటాడలేదు." అని, కొంగు భుజం మీదకు లాక్కున్నారు. "నాకు పెళ్ళయింది, తెలుసా నీకు? ఎంత సంబరపడిపోయానో! ఆ మనిషి తాగి కొడతాడని మా మేనమామకి తెలుసు. మా పక్కింటోళ్ళకి తెలుసు. నాతో చదువుకున్న పిల్లకి కూడా తెలుసట. నా సంబరం చూసి ఒక్కరూ నోరు విప్పలేదే మణీ. పాపం, మురిసిపోతోంది, ఎలా చెప్తాం అనుకున్నారట. రెండేళ్ళు పడ్డాను. వచ్చీశాను. అప్పట్నుంచీ, నాకిష్టమైందాన్ని చూసి బాలేదని నాతో చెప్పిన మొదటి మనిషివి నువ్వే."

ఆవిడ నా తల నిమిరి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఆ షెడ్డు కింద తర్వాత పొట్లపాదు పాకించారు. రిటైరై, విజయనగరం వెళ్ళి, అక్కడే పోయారు. నాకు కబురు ఆలస్యంగా తెలిసింది. వెళ్ళలేకపోయానని ఇప్పటికీ బాధే.

ఉద్యోగంలో ఆవిడ నేర్పిన పని నేను చాలామందికి నేర్పాను, అది వేరు. ఆవిడ నాకిచ్చింది ఆ వారం రోజుల మౌనం. మన మాటకు మనవాళ్ళు మొహం తిప్పుకుంటే, ఆ తిప్పుకున్న మొహాన్ని చూస్తూ కూర్చోగల ఓపిక. మొన్న మా తమ్ముడు కొత్త వ్యాపారం మొదలుపెడుతున్నానని సంబరంగా ఫోను చేశాడు. వాడు నమ్ముతున్న భాగస్వామి ఇంతకుముందు ఇద్దరిని ఎలా ముంచాడో నాకు తెలుసు. ఎక్కడ, ఎంత, ఎలా తెలిసిందో అన్నీ చెప్పాను. "నా సుఖం నీకు గిట్టదక్కా" అని ఫోను పెట్టేశాడు. ఇంకా మళ్ళీ ఫోను చెయ్యలేదు. చేస్తాడో లేదో తెలియదు. ఏడుపు రాలేదా అంటే వచ్చింది. కానీ రేపు వాడు కూర్చుని లెక్కపెట్టుకుంటే, తెలిసి కూడా నోరు మూసుకున్నవాళ్ళలో వాళ్ళక్క ఉండదు. మేడం, అది మీరు పెట్టిన భిక్షే.