చెప్పింది, చెప్పారు

కరోనా తగ్గి, పత్రికల్లో కుదించిన పేజీలు మళ్లీ పెరుగుతున్న ఏడాది నన్ను ఉప్పల్ జోన్ డెస్క్‌కు ఇన్‌ఛార్జిగా వేశారు. రిటైర్మెంటు దగ్గర పడ్డవాళ్లను అలాంటి చోట్లకే వేస్తారు. రింగ్ రోడ్డు దాటాక ఒక టిఫిన్ సెంటర్ పైన మా ఆఫీసు. ఉప్పల్, నాచారం మొదలుకొని నారపల్లి, ఘట్‌కేసర్ దాకా జరిగే ప్రతి సంగతీ మాకున్న రెండు పేజీల్లో పట్టాలి. మంచినీళ్ల పైపు పగిలినా మాదే, బోనాల ఊరేగింపైనా మాదే. వార్త తెచ్చేది కాంట్రిబ్యూటర్లు, అంటే నెల జీతం లేని విలేకరులు. దాన్ని దిద్ది, శీర్షిక పెట్టి, సాయంత్రానికల్లా పేజీని అచ్చుకు వదలడం నా పని.

డెస్కులో కొత్తగా చేరినవాళ్లకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పని నియమం ఒకటుంది. ఎమ్మెల్యే ‘చెప్పారు’. డాక్టర్ ‘చెప్పారు’. అదే డాక్టర్‌ను పోలీసులు తీసుకెళ్తే మర్నాటి నుంచి ‘చెప్పాడు’. కోర్టు ఇంకా పిలవనైనా పిలవదు, మా క్రియాపదం మాత్రం తీర్పు ఇచ్చేస్తుంది. తీసుకెళ్లింది ఆడమనిషినైతే ‘చెప్పింది’. కూలీలకూ, ఇళ్లలో పనిచేసేవాళ్లకూ ఆ మర్యాద మొదటి నుంచీ దక్కదు కాబట్టి వాళ్లకు కొత్తగా పోయేదేమీ లేదని మా లెక్క.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం నాచారం కాంట్రిబ్యూటర్ శ్రీశైలం ఫోన్ చేశాడు. పారిశ్రామికవాడ పక్కన ఒక క్రెష్ ఉంది. ఫ్యాక్టరీలకు వెళ్లే తల్లులు పిల్లలను అక్కడ వదిలి వెళ్తారు. అందులో మూడేళ్ల పాప కనిపించడం లేదు. అక్కడి ఆయా సువార్తను పోలీసులు స్టేషన్‌కు తీసుకెళ్లారు. కాసేపట్లోనే ఆమె ఫొటో విలేకరుల వాట్సాప్ గ్రూపులో ఉంది. ఎవరు తీశారు, ఎవరు పెట్టారు అని అడిగినవాడు లేడు. శ్రీశైలం పంపిన వార్తకు శీర్షిక కూడా అతనే పెట్టాడు: ‘చిన్నారిని మాయం చేసిన ఆయా’.

ఎఫ్ఐఆర్‌లో ఏముందని అడిగాను. తల్లి ఫిర్యాదు మీద పాప అదృశ్యమైనట్టు కేసు కట్టారు. నిందితులుగా ఎవరి పేరూ లేదు. ఆయాను పిలిచింది ప్రశ్నించడానికి. ఆమె మీద అనుమానం ఉందని ఏ అధికారీ తన పేరు మీద చెప్పలేదు. మరి ‘మాయం చేసిన’ అని ఎవరు చెప్పారని అడిగాను.

“అందరు ఏస్తున్నరన్నా,” అన్నాడు శ్రీశైలం. “ఫొటో సుత ఏస్తున్నరు. మనం ఆపితే రేపు మిస్సింగ్ మన మీదనే పడ్తది.”

వేరే పత్రికల్లో వచ్చి మన దాంట్లో రాని వార్తను మిస్సింగ్ అంటాం. పొద్దున జరిగే సమావేశంలో దానికి సంజాయిషీ చెప్పుకోవాలి. పాప మిస్సింగ్ కంటే ఆ మిస్సింగే మా వాళ్లకు ఎక్కువ భయం. నాకు చిరాకేసింది. చూసినవాళ్లెవరైనా గుర్తుపడతారేమోనని పాప ఫొటో పెద్దది చేసి పైన పెట్టాను. కింద ‘సిబ్బందిని పోలీసులు ప్రశ్నిస్తున్నారు’ అని ఒక్క వాక్యం ఉంచాను. ఆయా పేరు, ఫొటో తీసేశాను. వేయమని గానీ వద్దని గానీ మమ్మల్ని ఎవరూ శాసించలేదు. పత్రికా స్వేచ్ఛ అనేది ఆ రోజు మాకు నిండుగా ఉంది. వేసినందుకు సంజాయిషీ ఎవరూ అడగరు, వేయనందుకే అడుగుతారు.

మర్నాడు పొద్దున అడిగారు కూడా. ఉద్యోగం చివర్లో సన్యాసం పుచ్చుకున్నావా అని జోన్లన్నిటికీ పైన ఉండే ఎడిషన్ ఇన్‌ఛార్జి అందరి ముందూ ఎత్తిపొడిచారు. అప్పటికే లోకల్ చానళ్లు ఆమె ముఖం చుట్టూ ఎర్రటి సున్నా చుట్టి, ‘కిలాడీ ఆయా’ అని తిప్పుతున్నాయి.

ఆ మధ్యాహ్నమే పాప దొరికింది. తల్లితో తగవు పడి వేరుగా ఉంటున్న తండ్రే గేటు దగ్గర పాపను బండెక్కించుకుని నారపల్లిలోని తన అక్క ఇంటికి తీసుకెళ్లారు. ఎదురుగా ఉన్న దుకాణం సీసీ కెమెరాలో అంతా ఉంది. ఆ సమయంలో సువార్త లోపల మిగతా పిల్లలకు అన్నం తినిపిస్తున్నారు. పాపను క్షేమంగా తల్లికి అప్పగించామని పోలీసులు ప్రెస్‌నోట్ ఇచ్చారు. అందులో ఆయా ఊసు లేదు. చానళ్లు ఇంకో ముఖం చుట్టూ సున్నా చుట్టే పనిలో పడ్డాయి.

వారం తిరగకముందే సువార్త భర్తను వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. జనగామ వైపు నుంచి బతకడానికి వచ్చిన కుటుంబం. క్రెష్‌వాళ్లు ఇక రావద్దన్నారు. చిలుకానగర్‌లో ఇంటి ఓనర్ గది ఖాళీ చేయమన్నాడు. ఆదివారం ప్రార్థనలో ఆమె పక్కన కూర్చోవాల్సి వచ్చిన ఆడవాళ్లు తమ పిల్లలను ఒళ్లోకి లాక్కున్నారట.

“సార్, అందరు నన్ను ఏసిన్రు. మీ ఒక్క పేపర్లనే రాలే. గందుకే మీ తానకొచ్చిన. నేను ఏం జెయ్యలేదని మీరు రాయిన్రి.”

మా పద్ధతి వివరించాను. మేం వేసిన వార్త తప్పయితే, ఆ తప్పు ఎవరికి తగిలిందో వాళ్ల వివరణ వేస్తాం. దాన్ని రిజాయిండర్ అంటాం. ఆమె గురించి మేమేదీ వేయలేదు, కాబట్టి వేయడానికి రిజాయిండర్ లేదు. పైగా ఇప్పుడు పేరు రాస్తే తెలియనివాళ్లకు కూడా తెలుస్తుందని హెచ్చరించాను.

“తెల్వనిదెవలికి సార్? మా గల్లీల కుక్కలకు సుత ఎరుకే,” అన్నారామె. “తప్పు రాసినోల్లు తప్పని ఒప్పుకుంటరా? మీరైతే రాయలే గదా. ఇప్పుడు రాసెతందుకు మీకు సిగ్గేంది?”

ఆపాను కాబట్టి నా వంతు అయిపోయిందని లోపల ఎక్కడో నాకొక తృప్తి ఉండేది. ఆ మాటతో అది పోయింది.

ఎడిషన్ ఇన్‌ఛార్జికి ఫోన్ చేస్తే, మనం వేయని దాన్ని మనం కడగడమేమిటన్నారు. ఎవరైనా అధికారి తన పేరు మీద చెబితే అది కొత్త వార్త అవుతుంది, అప్పుడు కాదనడానికి ఉండదనుకున్నాను. శ్రీశైలాన్ని వెంటబెట్టుకుని ఇన్‌స్పెక్టర్ దగ్గరికి నేనే వెళ్లాను. అయిపోయిన దాన్ని మళ్లీ లేపడమెందుకని ఆయన చాలాసేపు దాటేశారు. చివరికి ఆమె మీద ఏ కేసూ లేదని, సమాచారం కోసమే పిలిచామని తన పేరు మీదే రాసుకోమన్నారు. ఎడిషన్ ఇన్‌ఛార్జి రెండు కాలమ్‌లు మించొద్దంటూ ఒప్పుకున్నారు.

వార్త శ్రీశైలమే రాశాడు. ‘ఆ సమయంలో పిల్లలకు అన్నం తినిపిస్తున్నానని సువార్త చెప్పింది’ అని ఉంది. నేను ‘చెప్పారు’ అని దిద్దాను. పక్కనే నిలబడి చూస్తున్నాడు.

“ఆయమ్మకు ‘చెప్పారు’ ఏందన్నా?”

తన మీద ఏ కేసూ లేని మనిషి కదా అన్నాను.

పేపర్ వచ్చిన రోజు సువార్త మళ్లీ వచ్చారు. అక్షరాల కింద వేలు పెట్టి నెమ్మదిగా చదువుకుంటూ ఒకచోట ఆగిపోయారు.

“సార్, గీడ ‘చెప్పారు’ అని ఉంది. నేనొక్కదాన్నే గద చెప్పింది. నాతోని ఇంకెవలున్నరు?”

ఇంకెవరూ లేరమ్మా, అది మిమ్మల్నే, మర్యాదకు అలా రాస్తామని చెప్పాను. “గట్లనా,” అని ఆ వాక్యాన్ని మళ్లీ మొదటి నుంచి చదువుకున్నారు.

ఇంటి ఓనర్ ఆ కాగితం చూసి, ఖాళీ చేయమన్న మాట వదిలేశాడు. క్రెష్‌లో పని మాత్రం తిరిగి రాలేదు. ఎర్ర సున్నా ఉన్న ఆ వీడియో ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉందని శ్రీశైలం చెప్పాడు.

అనుమానితుల పేరు ఆపడం మా పనిలో సగమే. మనం ఆపినంత మాత్రాన అది ఆగదు, ఇంకొకరి పేజీలో వస్తుంది. తప్పు లేదని తేలాక, ఆ మనిషి వచ్చి అడిగినప్పుడు పేరు పెట్టి రాయడం మిగతా సగం. వేసిన తప్పును దిద్దడానికి రిజాయిండర్ ఉంది, వదిలేసిన వార్తకు మిస్సింగ్ ఉంది. ఈ రెండో సగానికి మాత్రం నేను రిటైరయ్యే నాటికి కూడా మా డెస్కులో పేరు లేదు.