కార్తీకంలో గాలం

ఆ రోజుల్లో మా ముగ్గురి లోకమంతా స్టాఫ్‌రూములో ఒక ఫోన్‌లో ఇమిడిపోయేది. సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో కొత్తగా చేరిన టీచర్లం. నాది ఆ ఊరే, సైన్సు చెప్పేదాన్ని. ఇంగ్లీషు చెప్పే కోదాడ మేడమ్ రోజూ బస్సులో వచ్చేది. లెక్కలు చెప్పే మిర్యాలగూడ పిల్ల (మాకంటే ఏడాది చిన్నదన్న నేరానికి ఆ పేరు ఖాయమైంది) హాస్టల్లో ఉండేది. మధ్యాహ్నం డబ్బాలు తెరవగానే ఒక వీడియో పెట్టుకునేవాళ్ళం. అందులో ఎవరో అమ్మాయిలు వీపున పెద్ద పెద్ద బ్యాగులేసుకుని కొండలెక్కి, సరస్సు ఒడ్డున గుడారం వేసి, ట్రౌట్ అనే చుక్కల చేపను గాలంతో పట్టేవారు. ఆ చేపను చూస్తూ ఎంత పప్పుచారన్నం తిన్నానో లెక్కలేదు.

మాఘంలో మిర్యాలగూడ పిల్ల పెళ్ళి. ఆ తర్వాత ఉద్యోగం మానేసి అత్తగారి ఊరు వెళ్ళిపోతుంది. ఈలోగా ఒక్క శని, ఆదివారాలు ముగ్గురం అలా కొండల్లోకి వెళ్ళి రావాలని మా పట్టుదల. ఆ పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా అందరికంటే నేనే ఎక్కువ తొందరపడేదాన్ని. ట్రౌట్‌కు చల్లటి నీళ్ళు కావాలని, మన దిక్కు దొరకదని తెలిశాక అరకు కొండలైనా చాలు, ఏ చేపైనా సరే అనే దాకా దిగివచ్చాం. రెండు నెలలు వాట్సాప్ గ్రూపులో సామాను జాబితాలు రాసుకున్నాం, బ్యాగులు కొన్నాం, తేదీ ఖాయం చేశాం. మిగిలింది మా బాపు ఒప్పుకోవడమే. "సూర్యాపేట పిల్లను వాళ్ళ నాయిన పంపితే మేమూ పంపుతం" అని మిగతా రెండిళ్ళవాళ్ళు బరువంతా తెలివిగా ఆయన మీదికి నెట్టేశారు.

బాపు హైవే పక్కన లారీల మెకానిక్. పని తప్ప మరో లోకం తెలియని మనిషని నా గట్టి నమ్మకం. ఆ సాయంత్రం చేతుల గ్రీజు తుడుచుకుంటూ నేను చెప్పిందంతా విని, నా ఫోన్‌లో వీడియో కూడా కాసేపు చూసి, గోడ మీది క్యాలెండర్ దగ్గరికి వెళ్ళాడు.

"బిడ్డా, ఆ తారీఖు కార్తీకంల పడ్డది గదా. చేపలెట్ల పడ్తరు?"

మూడిళ్ళలోనూ కార్తీకమంతా నీసు ముట్టరు. సెలవులు చూశాం, బస్సులు చూశాం, వాన పడుతుందేమో చూశాం. డిగ్రీలు చదివిన ముగ్గురిలో ఒక్కరమూ తేదీ కింది చిన్న అక్షరాలు మాత్రం చూడలేదు. అయినా నేను తగ్గలేదు.

"తినం బాపూ. పట్టి మల్ల నీళ్ళల్లనే ఇడిసిపెడ్తం. వీడియోల గట్లనే చేస్తరు."

అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. "తిననప్పుడు పట్టుడెందుకే?"

సైన్సు టీచర్ని, ఫోన్ తీసుకుని అవతలికి జారుకున్నాను. మర్నాడు బడిలో కోదాడ మేడమ్, "సరదాకి అని చెప్పలేకపోయావా?" అంది. "మా అమ్మతోటి ఆ మాట నువ్వే చెప్పు" అన్నాను.

నాలుగు రోజుల తర్వాత బాపు తీర్పు వచ్చింది. "అరకు గిరకు వద్దు. కార్తీకమే గదా, అందరం వనభోజనాలకు పోదాం. చివ్వెంల అవతల గుట్ట కింద చెరువున్నది. ఆ పిల్లల ఇండ్లల్ల నేనే మాట్లాడిన."

అలా మా సాహసయాత్ర ఒక ట్రాలీ ఆటోలో పద్నాలుగు మందితో, పులిహోర గిన్నెతో బయలుదేరింది. మా బ్యాగుల్లో అమ్మ విస్తరాకులు కుక్కింది. ముగ్గురం వాటినే వీపున వేసుకుని ఇరవై నిమిషాల్లో గుట్ట ఎక్కి దిగాం. (కింది నుంచి కోదాడ మేడమ్ వాళ్ళమ్మ "జారతారే, నిదానం" అని అరుస్తూనే ఉంది.) ఉసిరి చెట్టు కింద తింటుంటే నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళు అనుకున్నది ఇంతేనా అనిపించింది.

భోజనాలయ్యాక బాపు మా ముగ్గురినే చెరువు కట్ట దగ్గరికి పిలిచాడు. జేబులోంచి పుల్లకు చుట్టిన గాలం తీసి, గోధుమపిండి ముద్ద గుచ్చి, మిర్యాలగూడ పిల్ల చేతికిచ్చాడు. చాలాసేపటికి నీళ్ళ మీద తేలే బెండు మునిగింది. అరచేయంత చేప.

"ముందు చెయ్యి తడుపుకో బిడ్డా. పొడి చేత్తోటి ముడితే దానికి దెబ్బ తగుల్తది."

ఆమె చెయ్యి తడుపుకుని చేపను పట్టుకుంది. బాపు లాగగానే గాలం మెత్తగా ఊడివచ్చింది. నేను దాన్ని తీసుకుని చూశాను. కొనకు వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లు లేదు.

"ముల్లేది బాపూ?"

"పటకారుతోటి నొక్కిన. ముల్లుంటే ఇడిసినంక బతకదు గదా. నీ వీడియోలనే ఉన్నది, సూడలే?"

షెడ్డుకు వచ్చే లారీ డ్రైవర్ల ఫోన్లడిగి నాలుగు రోజులూ ఆ వీడియోలే చూశాడని తర్వాత అమ్మ చెప్పింది.

మిర్యాలగూడ పిల్ల చేపను నీళ్ళలో వదిలింది. అది వెళ్ళిపోయాక కూడా చెయ్యి తీయలేదు. "అక్కా, ఇంకొక్కటి పడదాం" అంది, కళ్ళు తుడుచుకుంటూ. పొద్దు వాలేదాకా పట్టాం, వదిలాం. అమ్మ వచ్చి మా పక్కన కూర్చుంది గానీ ఎందుకని మళ్ళీ అడగలేదు.

మాఘం వచ్చింది, ఆమె వెళ్ళిపోయింది. ముగ్గురం కలిసి మళ్ళీ ఎక్కడికీ పోలేదు, ట్రౌట్‌ను ఈనాటికీ చూడలేదు. ఆ గాలం మాత్రం నా బ్యాగు చిన్న అరలో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా, బాపుకు లోకం తెలియదనుకున్న ఆ సైన్సు టీచర్ని తలచుకుని నవ్వుకుంటాను. రెండు నెలలు రోజూ ఆ వీడియో చూసింది పాపం, గాలానికి ముల్లు లేదన్నది కనిపెట్టలేకపోయింది.