ఏరివేతలో పోయిన పేరు

వీధిలో అందరూ అతన్ని పేర్లాయన అంటారు. అతను పిల్లలకు పేర్లు పెట్టే మనిషి కాదు, ఓటర్ల జాబితా రాసే మనిషి అంతకన్నా కాదు. ఇంటర్నెట్‌లో వెబ్‌సైట్లకు చిరునామాగా పెట్టుకునే పేర్లుంటాయి కదా, వాటిని ముందే కొని దాచి, తర్వాత అవసరపడి వచ్చినవాళ్ళకు ఎక్కువ ధరకు అమ్మడం అతని వృత్తి. ఇళ్ళ స్థలాల వ్యాపారం లాంటిదేనని అతనంటాడు. స్థలంలో కనీసం గడ్డైనా మొలుస్తుందని అతని భార్య అంటుంది. ఆవిడ మందుల దుకాణంలో పనిచేసి నెలనెలా జీతం తెస్తుంది కాబట్టి, ఆ మాట అనే హక్కు ఆవిడకుంది.

పన్నెండేళ్ళ కిందట అతను విజిటింగ్ కార్డులు అచ్చువేసే ప్రెస్సులో ఉండేవాడు. కార్డు మీద వెబ్‌సైటు పేరు వేయించుకోవడానికి వచ్చినవాళ్ళు, "నేను అనుకున్న పేరు ఎవడో ముందే పట్టుకుపోయాడండీ" అని మొత్తుకోవడం రోజూ వినేవాడు. ఆ ఎవడో తనే ఎందుకు కాకూడదనిపించింది. సరదాకి ఒక పేరు కొన్నాడు. నాలుగు నెలలకు ఒక రంగుల కంపెనీవాళ్ళు అతని ఏడాది జీతమంత ఇచ్చి దాన్ని తీసుకున్నారు. అంతే, మర్నాడే ప్రెస్సుకు దండం పెట్టేశాడు. మళ్ళీ అంత పెద్ద బేరం ఇంతవరకూ తగల్లేదు. రేపో మాపో తగులుతుందనే ఆశ మాత్రం పిసరంత కూడా తగ్గలేదు.

అప్పటినుంచి ఆ మనిషికి స్థిమితం లేదు. కూర్చుంటే మోకాలు ఊగుతూనే ఉంటుంది. బస్సులో పోతూ ఏదైనా కొత్త బోర్డు కంటబడితే చాలు, ఆ పేరు ఖాళీగా ఉందేమోనని ఫోన్లో వెతుకుతాడు, ఈలోపు దిగాల్సిన స్టాపు దాటిపోతుంది. మామగారిని ఆసుపత్రిలో చేర్చినప్పుడు డాక్టరు ఏదో కొత్త జబ్బు పేరు చెప్పగానే, ఇతను గుట్టుచప్పుడు కాకుండా వరండాలోకి వెళ్ళి ఆ జబ్బు పేరు కొనేశాడు. మామగారు కోలుకుని ఇంటికొచ్చారు, పేరు ఇప్పటికీ అమ్ముడుపోలేదు. "జబ్బు నాకొచ్చింది, నయం కానిది అల్లుడికి" అని ఆ పెద్దమనిషి కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుని నవ్వుతాడు.

అలా పోగైనవి నాలుగు వందల పన్నెండు పేర్లు. ఒక్కోదానికీ ఏటా రుసుము కట్టి పొడిగించుకోవాలి. అన్నీ పొడిగిస్తూ పోతే ఇల్లు గుల్లవుతుంది. అందుకని సంవత్సరానికోసారి ఏరివేత పెట్టుకుంటాడు. కంప్యూటర్‌లో పెద్ద పట్టిక, ప్రతి పేరు పక్కనా మూడు గళ్ళు: పేరులో అక్షరాలెన్ని, దానికోసం ఎందరు వెతుకుతున్నారు, మూడేళ్ళలో ఎవరైనా ధర అడిగారా. మూడింట్లోనూ తేలిపోయినదానికి టిక్కు పెట్టి వదిలేయడమే. మొదట్లో ఒక్కో పేరు దగ్గరా ఆగి, దీనికి మంచిరోజులు వస్తాయేమోనని మథనపడేవాడు. ఇప్పుడు చేయి తిరిగింది. ఈసారి ఏరివేత నలభై నిమిషాల్లో ముగించి, ఆ సంగతి భార్యకు గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

ఆ తర్వాత ఐదు నెలలకు, ఒక ఆదివారం పొద్దున అక్క ఇంటికి వెళ్ళాడు.

అక్క అతనికంటే తొమ్మిదేళ్ళు పెద్దది. ఇంటి ముందుగదే ఆమె పనిగది. దుకాణంలో దొరికే చెప్పులూ బూట్లూ సరిపోని కాళ్ళకు ఆమె జోళ్ళు కుడుతుంది. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళు, పుట్టుకతో పాదం వంకరపోయినవాళ్ళు, చక్కెర జబ్బుతో అరికాలు పుండ్లు పడ్డవాళ్ళు, ఎక్కడెక్కడి ఊళ్ళనుంచో కొలతలు రాసి పంపుతారు. గోడ పొడవునా చెక్క అచ్చులు వరసగా వేలాడుతుంటాయి. ఆరేళ్ళ కిందట ఆమెకు వెబ్‌సైటూ, అదే పేరు మీద ఈమెయిల్ ఉత్తరాలకు చిరునామా పెట్టించింది పేర్లాయనే. పేరు మాత్రం అక్కే చెప్పింది: నీకాలికిసరిపడేజోడు. ఇంగ్లీషులో రాస్తే ఇరవై ఒక్క అక్షరాలు. "ఇంత పొడుగు పేరు ఎవరు కొడతారక్కా?" అని అప్పట్లో అతను నెత్తీనోరూ కొట్టుకున్నాడు. "కాలు నొప్పున్నవాళ్ళు ఓపిగ్గానే కొడతార్రా" అంది అక్క. కొట్టారు కూడా. పేరు పొడిగింపు సంగతి నాకొదిలేయ్, నువ్వు కుట్టుకో చాలు అని అతను భరోసా ఇచ్చాడు. ఆమె కుట్టుకుంటూ ఉండిపోయింది.

ఆ ఆదివారం అక్క దారానికి మైనం రాస్తూ, తలెత్తకుండానే అడిగింది.

"ఒరేయ్, రెండు నెలలు దాటింది, ఒక్క ఉత్తరం రాలేదు. పోయినసారి పంపిన జతలు కుదర్లేదేమోరా. నా చూపు తగ్గిందేమో. ఇంట్లో మిగిలిన జత విప్పి, కుట్టు కుట్టూ చూశాను. ఎక్కడ తప్పు చేశానో తెలియట్లేదు."

"నువ్వు మరీనక్కా. నీ పనికి వంక పెట్టేవాళ్ళెవరు?" అంటూ అతను అలవాటుగా ఫోన్లో ఆ పేరు కొట్టాడు. ఏమీ రాలేదు. మళ్ళీ కొట్టాడు. ఆ పేరు ఎవరి చేతిలో ఉందో చూపించే పేజీ తెరిచాడు. పేరు గడువు దాటిపోయిందని ఉంది.

గడువు దాటిన పేరును వెంటనే ఎవరికీ ఇచ్చేయరు. మొదట కొన్ని వారాలు మామూలు రుసుముకే వెనక్కి ఇస్తారు, తర్వాత ఒక నెల జరిమానాతో ఇస్తారు. ఆ రెండూ అయిపోయాక ఐదు రోజులుంటాయి. ఆ ఐదు రోజుల్లో యజమాని కాళ్ళావేళ్ళా పడ్డా పేరు తిరిగి రాదు. ఐదో రోజున దాన్ని బయటికి వదిలేస్తారు, అప్పుడు ఎవరు ముందు అందుకుంటే వాళ్ళది. అక్క వెబ్‌సైటు పేరు ఆ ఐదు రోజుల్లోకి వచ్చేసింది. శుక్రవారం మధ్యాహ్నంలోపు వదులుతారు.

"ఏమైందిరా?"

"ఏం లేదక్కా, సర్వర్ ఏదో మొరాయించింది. నాలుగైదు రోజుల్లో సర్దుకుంటుంది."

ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చి పట్టిక తెరిచాడు. మర్చిపోయానేమో, కార్డు పనిచేయలేదేమో, హెచ్చరిక ఉత్తరం ఎక్కడో కలిసిపోయిందేమో అని దారంతా తనకు తాను నచ్చజెప్పుకుంటూ వచ్చాడు. అవేవీ కావు. మూడు వందల తొంభై మూడో వరసలో, అమ్మకపు పేర్ల మధ్యే ఉన్న అక్క వెబ్‌సైటు పేరుకు టిక్కు ఉంది. పక్కన అతను కొట్టిన మాటలే ఉన్నాయి: 'చెత్త. వదిలేయ్.' ఆ రోజు అతను పేరు చదవలేదు, పేరు పక్కన అంకెలు చదివాడు. ఇరవై ఒక్క అక్షరాలు, వెతికేవాళ్ళు లేరు, ధర అడిగినవాళ్ళు లేరు. అక్క కుట్టుపనిలో తప్పు వెతుక్కుంటూ కూర్చున్న రెండు నెలలూ ఆ ఒక్క టిక్కువల్లే.

ఇక చూడాలి అతని అవస్థ. బయటికి వదిలిన క్షణమే పేరును మన తరఫున అందుకునే కంపెనీలు మూడింటి దగ్గర అక్క వెబ్‌సైటు పేరు రాయించి పెట్టాడు. ఆ తర్వాత చేయడానికేమీ లేదు, అదే అతన్ని తినేసింది. అన్నం ముందు కూర్చుని లేచేవాడు. మంచినీళ్ళకని వంటగదిలోకి వెళ్ళి ఎందుకొచ్చానా అని నిలబడేవాడు. ఆరేళ్ళు నడిచిన పేరు, రోజూ ఉత్తరాలొచ్చిన పేరు బజార్న పడితే దాన్ని తన్నుకుపోవడానికి కాచుకుని కూర్చునేవాళ్ళుంటారని అతనికి తెలియదా? తనూ వాళ్ళలో ఒకడే. కిందటేడు ఒక సంగీతం మాస్టారు బడి పేరు ఇలాగే జారితే, అందుకున్నది ఇతనే. మాస్టారు బతిమాలుతూ నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. 'ధర మారదు' అని రెండు మాటల్లో జవాబిచ్చి, ఆ పూట హాయిగా నిద్రపోయాడు. ఇప్పుడు ఆ రెండు మాటలే అన్నం ముద్దలో రాయిలా తగులుతున్నాయి.

"కొత్త పేరు ఇంకోటి కొనిపెట్టొచ్చుగా?" అంది భార్య, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్న మొగుణ్ణి చూడలేక. "నీ దగ్గర నాలుగు వందలున్నాయి కదా. వాటిల్లో ఒకటి ఇవ్వు."

"కుదరదే. ఆరేళ్ళుగా కుట్టిన ప్రతి జోడు లోపలా, మడమ కింద అట్ట మీద, అక్క ఆ పేరే ముద్ర వేసింది. జోడు అరిగితే మళ్ళీ దానికే కదా రాస్తారు."

అతనికి ఇంట్లో నిలవబుద్ధి కాలేదు. బుధవారం మళ్ళీ అక్క దగ్గరికే వెళ్ళాడు, ఎందుకెళ్ళాడో అతనికే తెలియదు.

అప్పుడే వాకిట్లో ఒక పెద్దాయన ఆగాడు. రిటైరైన బస్సు కండక్టరు, ఎడమకాలు ఒకటిన్నర అంగుళం పొట్టి. చంకలో ఒక పాత పార్శిల్ అట్ట.

"జోళ్ళు కుట్టే అమ్మాయిగారిల్లు ఇదేనాండీ?"

"ఇదే, లోపలికి రండి" అంది అక్క.

ఆయన కూర్చుని, ఎడమ జోడు విప్పి లోపలి ముద్ర చూపించాడు. "దీనికి మూడుసార్లు మెయిల్ రాశానమ్మా. మూడుసార్లూ అలాంటి చిరునామా లేదని తిరిగొచ్చింది. మీకేదో అయిపోయిందనుకున్నాను. ఈ అట్ట పారేయకుండా ఉంచాను కాబట్టి సరిపోయింది, ఇంటి నంబరు దీనిమీద ఉంది. రెండు బస్సులు మారి వచ్చాను. మడమ అరిగిపోయి నడుం పట్టేస్తోందమ్మా."

"నాకేం కాలేదు, గుండ్రాయిలా ఉన్నాను" అని అక్క నవ్వింది. నవ్వుతూనే తమ్ముడివైపు ఒక్కసారి చూసింది. తర్వాత ఆయన పాదాన్ని కాగితం మీద పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసుకుంది, కొలతలు రాసుకుంది, కొత్త మడమ తాత్కాలికంగా అతికించి, రెండడుగులు వేయించి చూసి పంపింది. అంతసేపూ పేర్లాయన గోడకానుకుని నిలబడ్డాడు. ఆశ్చర్యం, మోకాలు ఊగలేదు.

పెద్దాయన మలుపు తిరిగాక అక్క అడిగింది. "ఆ పేరును ఎవరైనా దొంగలు కొట్టేశార్రా?"

అవునంటే అయిపోయేది. దొంగల మీద అక్క నాలుగు శాపనార్థాలు పెట్టి ఊరుకునేది.

"దొంగలు కాదక్కా. నేనే."

"కట్టడం మర్చిపోయావా?"

ఇదీ మంచి దారే. మరుపు ఎవరికి ఉండదు?

"మర్చిపోలేదు. చూశాను. చూసి మరీ వదిలేశాను. దాన్ని ఎవరూ కొనరని లెక్క తేలింది. అందుకని టిక్కు పెట్టాను."

అక్క చేతిలో పెన్సిలు పక్కన పెట్టింది.

"నేను అమ్ముతానని నీకెవరు చెప్పార్రా?"

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. చిన్నప్పుడు చెవి మెలిపెట్టినట్టు మెలిపెట్టినా బాగుండేది. ఆమె మాత్రం పెద్దాయన పాదం గీసిన కాగితం ఒళ్ళో పెట్టుకుని, కొత్త జోడుకు అట్ట కత్తిరించడం మొదలుపెట్టింది. పోయి భోంచెయ్, మొహం పీక్కుపోయింది అని మాత్రం అంది.

శుక్రవారం పదింటికే ల్యాప్‌టాప్‌తో అక్క ఇంట్లో వాలాడు. ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. పదకొండైంది. నిమిషానికి పదిసార్లు పేజీ తిరగేస్తున్నాడు. అక్క సుత్తితో మేకులు కొడుతోంది. ఒక్కో దెబ్బకూ అతను ఉలిక్కిపడుతున్నాడు. పోటీలో నలుగురుంటే వేలానికి వెళ్తుంది, వేలమైతే ఎంతదాకా పోవాలి, తన దగ్గర తెగనమ్మడానికి ఏ పేర్లున్నాయి అని కాగితం మీద వరసగా రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాడు. పదకొండు నలభై రెండుకు ఫోన్ మోగింది, ఒక కంపెనీ నుంచి సందేశం. పేరు దొరికింది. పోటీకి వచ్చినవాళ్ళు: ఎవరూ లేరు. ధర: మామూలు రుసుము.

అతను రెండుసార్లు చదువుకున్నాడు. ఐదు రోజులు అతను తిండి మాని కాపలా కాసిన పేరువైపు లోకంలో ఒక్కడు కూడా కన్నెత్తి చూడలేదు. చూశావా, నా లెక్క తప్పలేదు అని లోపలెక్కడో ఒక బుద్ధిలేని గర్వం తల ఎత్తబోయింది. దాని మీద అతనికే అసహ్యం వేసింది.

"వచ్చేసిందక్కా" అన్నాడు.

సుత్తి ఆగింది. "చాలామంది పోటీ పడ్డారా?"

ముగ్గురు పడ్డారు, గట్టిగా కొట్లాడి తెచ్చానని చెప్పాలని నాలిక చివరిదాకా వచ్చింది.

"ఎవరూ రాలేదు."

"పోన్లే, మంచిదేగా" అంది అక్క, నిజంగానే సంతోషంగా. దుస్తులకంటిన తోలు ముక్కలు దులుపుకుని వచ్చి, స్టూలు లాక్కుని అతని పక్కన కూర్చుంది. అతను గబగబా పాత పేజీలన్నీ తిరిగి ఎక్కించాడు, ఉత్తరాల దారి సరిచేశాడు, పరీక్షకని ఒక ఉత్తరం పంపితే అక్క ఫోన్ మోగింది. ఆదివారం నుంచి మొదటిసారి అతని ఒళ్ళు తేలికపడింది.

"అయిపోయినట్టేనా?"

"అయిపోయింది. ఇక నిశ్చింతగా ఉండు. ఈసారి పదేళ్ళకు కట్టేస్తాను, నువ్వు దాని జోలికే..."

"ఒకే ఏడాదికి కట్టు చాలు. దీన్ని నా పేరున మార్చెయ్" అంది అక్క. గొంతులో కోపం లేదు. కొలత చెప్పినట్టు చెప్పింది. "ఎలా కట్టాలో, ఎక్కడ నొక్కాలో చూపించు. నేర్చుకుంటాను."

"ఎందుకక్కా నీకీ తలనొప్పి? నేనున్నాను కదా."

"నువ్వుండవని కాదురా. మార్చు."

అతను ల్యాప్‌టాప్ ముందుకు లాక్కున్నాడు. అక్క పేరున ఖాతా తెరిచాడు. రహస్య పదం ఆమె కొడుతుంటే మర్యాదగా మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆరేళ్ళుగా మా అక్క వెబ్‌సైటంతా నా చేతిలోనే ఉందని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకుని మురిసిన మనిషి, ఒక్క మీట నొక్కి దాన్ని తన ఖాతాలోంచి పంపేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తోలు ఘాటుకేమో అన్నట్టు ముక్కు తుడుచుకున్నాడు.

అక్క కొలతల పుస్తకం తెరిచి, పెన్సిలు నాలికకు తాకించి, కొత్త పేజీలో పేరు మొత్తం తెలుగులో రాసుకుంది.

"వచ్చే ఏడాది ఏ తారీఖులోపు కట్టాలో చెప్పు."

అతను తారీఖు చెప్పాడు. ఆమె రాసుకుంది.

"ముందురోజు ఫోన్ చేసి గుర్తుచేస్తానక్కా" అన్నాడు.

"వద్దులేరా" అంది అక్క, పుస్తకం మూస్తూ. "నాకు గుర్తుంటుంది."