ఓడ పొట్టలో నూకరాజు ప్లేటు

భిలాయి పక్కన రిసాలిలో నూకరాజు గొప్పలు తెలియనివాడు ఉన్నాడంటే వాడు నిన్ననే రైలు దిగి ఉండాలి. బొబ్బిలి దగ్గర పల్లెటూరి బడిలో ఏడో తరగతి చదివి, ఇరవయ్యో ఏట భిలాయి వచ్చి, ఉక్కు ఫ్యాక్టరీ ప్లేట్ మిల్లులో నలభై ఏళ్లు పనిచేశాడు. డ్యూటీకి ఒక్కరోజూ ఆలస్యం కాలేదు. తన పెళ్లి ముహూర్తానికి మాత్రం గంట ఆలస్యంగా వెళ్లాడు. మిల్లువాళ్లు మెచ్చి ఇచ్చిన గోడ గడియారాలు మూడు. మూడూ ఆగిపోయాయి కానీ గోడ దిగలేదు.

వీటన్నిటినీ మించిన గొప్ప ఇంకోటి ఉంది. పొట్టనిండా పడవలూ ట్యాంకులూ మోసుకెళ్లి, ఒడ్డు దగ్గర వెనక తలుపు తెరిచి నీళ్లలోకి వదిలే నేవీ ఓడ ఒకటి విశాఖలో ఉంది. దాని ఉక్కు తనదేనంటాడు. మిల్లులో ప్లేట్ల మీద నంబర్లు వేసే పని అతనిది. షిఫ్టులో మొదటి ప్లేటు మూలన అదే బ్రష్షుతో సింహాద్రప్పన్న నామం గీసేవాడు: అటూ ఇటూ తెలుపు, మధ్యన ఎరుపు.

"శివనాథ్ నదిలో పడవెక్కి కక్కుకున్న మనిషి, ఓడ కట్టీసినాడట" అంటుంది పెళ్లాం పోలమ్మ.

మొన్న పోలమ్మ మేనల్లుడు మహేశ్ సెలవుకి వచ్చాడు. భిలాయిలోనే పుట్టి పెరిగిన కుర్రాడు, ఉద్యోగం సరిగ్గా ఆ ఓడలోనే. టీకొట్టు బెంచీ మీద, నూకరాజు ఎదురుగానే, అతన్ని పట్టుకున్నాడు సింహాద్రి. నూకరాజుతో పాటు రిటైరైన క్రేన్ ఆపరేటర్.

"ఏటి బాబూ, మీ ఓడ ఉక్కు ఎక్కడిది?"

"అమెరికాది అంకుల్. పురానా జహాజ్. వాళ్లు వాడీసినాక మనం కొన్నాం."

బెంచీ మొత్తం నూకరాజు వైపు తిరిగింది.

"పదిహేనేళ్లు మాకు నామం పెట్టినావు గదరా" అన్నాడు సింహాద్రి.

నూకరాజు గ్లాసులో టీ తొరక కట్టింది. ఇప్పుడు ఒప్పుకుంటే రేపట్నుంచి గోడ గడియారాలు కూడా కొనుక్కున్నవే అంటారు.

మహేశ్‌కి ఏదో గుర్తొచ్చింది. "నేను చేరిన కొత్తలో రిపేర్ అయింది మావయ్యా. ట్యాంకులు నిలిపే ఫ్లోర్ కోసీసి కొత్త ప్లేట్లేసినారు. ఒకదాని మూలన ఎవడో క్రికెట్ స్టంపులు గీసినాడు."

నూకరాజు లేచి నిలబడ్డాడు. "స్టంపులు కాదురా నాయినా. అప్పన్న నామం."

"మూడు గీతలు ఎవుడైనా గీస్తాడు. మధ్యది ఎరుపేనా, అడుగు" అన్నాడు సింహాద్రి.

మహేశ్ బుర్ర గోక్కున్నాడు. "ఏం చెప్పను? జంగు, అదే తుప్పు, పట్టి ప్లేటంతా ఎర్రగానే ఉంది. తర్వాత అంతా సాఫ్ చేసీసినారు."

"ఎరుపన్నాడు. అందరూ ఇన్నారు" అని నూకరాజు చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

మర్నాటి నుంచి గొప్ప కొంచెం మారింది. ఓడ తను కట్టలేదు. అమెరికావాడు కట్టిన ఓడకి చిరుగు పడితే అతుకు వేశాడు, అంతే.