ఊడ్చిన కాయలు

నా చిన్నప్పుడు పావగడలో మా బడి వేరుశెనగ మండీలో నడిచింది. బడి పైకప్పు కూలిపోతే, మండీ షావుకారు తన గోడౌనులో ఒక మూల ఇచ్చాడు. మేఘాలు మా తాలూకాకు చుట్టపుచూపుగా వచ్చిపోయే కాలమది. మా ఊరు నిడుగల్లులో చేను ఎండిపోయి మేమూ పావగడకు వచ్చేశాం. అమ్మ అదే మండీలో ఊడ్చే పనికి కుదిరింది.

ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ గోడౌనే. రేకుల చిల్లుల్లోంచి ఎండ సన్నగా దిగేది, అందులో కాయల ధూళి తేలుతూ ఉండేది. చుట్టూ మూటలు, ఎండు కాయల వాసన, మధ్యలో కొత్త మిస్ గొంతు. మధ్యాహ్నానికి పాఠమేదో కలేదో తెలిసేది కాదు.

మిస్‌ది మైసూరు వైపు, మొదటి ఉద్యోగం. పాపం, ఆమెకు నిద్ర పట్టేది కాదట. ఒక్క మూటకు చిల్లు పడినా బడి ఖాళీ చేయాలన్నాడు షావుకారు. మేమేమో ఆకలితో బోర్డు వదిలేసి మూటలకేసి చూస్తూ కూర్చునేవాళ్లం. కసిరినా బతిమాలినా మా చూపు తిరిగేది కాదు. ఇక్కడ తనవల్ల కాదని, బదిలీ చేయించుకుంటానని మా అమ్మ దగ్గర కళ్లు తుడుచుకుంది.

ఒకరోజు లారీకి మూటలెత్తాక నేలంతా కాయలు రాలాయి. షావుకారును అడిగి, ఆయన తలూపగానే మిస్ తనే చీపురు పట్టింది. పిల్లలకు వేయించి పెడదామని అంతా ఊడ్చి కుప్ప చేసింది. కానీ రాలిన కాయలు ఊడ్చే మనిషికే చెందాలి, అది మండీ వాడుక. రాత్రి సంగటిలోకి మాకు ఊరిబిండి, అదే పచ్చడి, ఆ కాయలతోనే. ఊరికి కొత్తదైన మిస్‌కు ఆ సంగతి తెలియదు.

అంతలో అమ్మ వచ్చింది. గొడవ పడుతుందనుకున్నాను. కుప్ప దగ్గరకు వెళ్లి, మెల్లగా చెప్పింది.

“మిస్సమ్మా, ఆ శెనక్కాయలు మా ఇంటివి. రాత్రికి మాకుండేది అవే.”

“తప్పాయ్తమ్మా, నాకు తెలియదు” అని తన కన్నడం కలిపి అంటూ మిస్ చీపురు వదిలేసింది.

అమ్మ చేటతో కుప్పను రెండు చేసింది. “సగం నాకిడిచి, సగం పిల్లోళ్లకు ఏంచి పెట్టు. కడుపు కాలతాంటే నీ పాఠం యాడ వింటారు? ఏమన్నా కావాల్నంటే నన్నడుగు.”

ఆ మధ్యాహ్నం వేడివేడి కాయలు ఒలుచుకుంటూ పాఠం విన్నాం. మూటలవైపు ఎవరమూ చూడలేదు. ఆ తర్వాత లారీ వచ్చిన రోజల్లా మిస్ అమ్మను అడిగేది, అమ్మ ఊడుస్తుంటే పక్కన కూర్చుని చెరిగేది. బదిలీ మాట మళ్లీ ఎత్తలేదు.

నేనూ టీచరునయ్యాను. బెంగళూరు ఇరుకు సందుల బళ్లలోనే నా ఉద్యోగమంతా గడిచింది. కొత్తగా చేరిన అమ్మాయిలు బెంచీల్లేవు, పుస్తకాల్లేవు, ఎట్లా మేడమ్ అని బెంబేలెత్తుతుంటే వాళ్లమీద ప్రేమ పొంగుకొస్తుంది. పిల్లల ఇళ్లకు వెళ్లి తల్లుల్ని సాయం అడగమంటాను, లేదనరని చెబుతాను. కానీ వాళ్లను పంపే ముందు ఒక్క క్షణం ఆగుతాను. సగం కాయలు బడికిచ్చిన ఆ రాత్రి మా అమ్మ ఉన్న ఊరిబిండంతా మాకే వడ్డించి, తాను ఉత్త సంగటి తిన్నది.